తప్పులేని వాక్యానికి చప్పట్లు

టైర్ల కొట్టు పక్కనుంచి ఇనప మెట్లెక్కితే పైన మేస్టారి ఇంగ్లీషు క్లాసు. కింద గాలి కొట్టే మిషను బుస్సుమన్నప్పుడల్లా పైన పాఠం ఆగుతుంది. అది ఊరుకున్నాక మళ్ళీ సాగుతుంది. మేస్టారు అసలు పంతులుద్యోగం చేసిన మనిషి కాడు. రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని, వచ్చే బళ్ళూ పోయే బళ్ళూ ఇంగ్లీషులో చెప్పి చెప్పి రిటైరైనవాడు. అందుకే ఆయన ఏం చెప్పినా ఏదో బండి ఆలస్యంగా వస్తున్నట్టే ఉంటుంది. "సైలెన్స్ ప్లీజ్" అంటే కొత్తగా చేరినవాళ్ళు ప్లాట్‌ఫారం మారిందేమోనన్నట్టు లేచి నిలబడేవాళ్ళు.

ఆ గదిలో ఆయన మాటే శాసనం. మాతృభాషను చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచి రావాలి. పేరు కూడా అంతే. పేరంటూ లోపలికొస్తే దాని వెనకాలే ఊరూ, చుట్టరికాలూ, మీవారేం చేస్తుంటారూ అన్నీ తోసుకొస్తాయనీ, అవన్నీ మన భాషలోనే వస్తాయనీ ఆయన భయం. అందుకని జనం కలిపేసి కంగాళీ చేసుకునే మాటల్ని జంటలు జంటలుగా ఏరి, బెంచీకొక జంట చొప్పున పేర్లుగా పంచేశాడు. ఒకరు సోప్, పక్కన కూర్చున్నవాళ్ళు సూప్. ఒకరు అడ్వైస్, ఇంకొకరు అడ్వైజ్. క్లాసు మొత్తానికి గట్టిగా అరిచే బస్సు కండక్టర్లిద్దరికీ క్వయెట్, క్వైట్ అని పెట్టాడు. తన పేరు ఒక మాట, పక్కవాళ్ళ పేరు ఇంకో మాట. అలా అయితే ఇక జన్మలో కలిపెయ్యరని ఆయన లెక్క.

ఇంకొక ఆనవాయితీ ఉంది. ఇంగ్లీషులో ఎవరు తప్పులేని వాక్యం చెప్పినా అందరూ చప్పట్లు కొట్టాలి. వాక్యంలో ఏముందన్నది ఎవరికీ అక్కర్లేదు. ఒకసారి క్వయెట్ లేచి "నా పులి ప్రతిరోజూ కాఫీ తాగుతుంది" అన్నాడు. పులి కాఫీ తాగడమేమిటని ఒక్కరూ అడగలేదు. గది దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు.

మధ్య బెంచీలో గోడవైపు కూర్చునే ఆవిడ కిచెన్. పక్కన కూర్చునే ఆవిడ చికెన్.

కిచెన్‌ను ఆమె పనిచేసే హోటల్లో అందరూ ఇస్త్రీ అక్క అంటారు. నేలమాళిగలో ఉన్న లాండ్రీలో దుప్పట్లకూ దిండు గలీబులకూ ఇస్త్రీ చేసి చేసి మోచేతి దాకా ఆవిరి పట్టిన చేతులు ఆమెవి. ఇంగ్లీషు వస్తే పై అంతస్తుల్లో గదుల సూపర్‌వైజరు పని ఇస్తామని హోటలువాళ్ళు అన్నారు. వెలుతురుండే చోట పని. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె మెట్లెక్కింది. నీళ్ళ ట్యాంకరు తోలే మొగుడు మాత్రం, "ఈ వయసులో ఇంగ్లీషు నేర్చుకుని దుప్పట్లతో మాట్లాడతావా?" అని నవ్వాడు.

నవ్వితే నవ్వనీ అనుకుంది. ఇంగ్లీషులో ఆమెకు కొత్త సుఖం ఒకటి దొరికింది. అబద్ధం చెప్పే సుఖం. తెలుగులో అబద్ధమాడితే నాలుక తడబడుతుంది, చెవులు ఎర్రబడతాయి. ఇంగ్లీషులో అదేం లేదు. "నా భర్త విమానం నడుపుతాడు" అనేది. "ప్రతి సాయంత్రం ఆయనే వంట చేస్తాడు" అనేది. "మా తోటలో ఒక చిన్న నది ఉంది" అనేది. చప్పట్లు పడేవి. మెట్లు దిగి ట్యాంకరు డ్రైవరింటికి పోతూ ఆ నదిని తలచుకుని తనలో తనే నవ్వుకునేది.

చికెన్‌ది ఇంకో తీరు. సన్నగా, పీలగా ఉండేది. నోట్లో నాలుక లేనట్టు, ఒక్కో మాటా బల్లమీద పేర్చి చూసుకుని మరీ పలికేది. ఆమె వాక్యాలు చప్పిడి పథ్యంలా ఉండేవి. హౌస్, హోమ్ పాఠం వచ్చినప్పుడు "మా ఇంటి తలుపు ఆకుపచ్చగా ఉంటుంది" అంది. హియర్, లిజన్ వచ్చినప్పుడు "ప్రతి ఉదయం బడి గంట నాకు వినపడుతుంది, నేను దాన్ని వినను" అంది. ఇంకోసారి "మా తమ్ముడు గొడుగులు బాగుచేస్తాడు, నేను సంచులకు జిప్పులు కుడతాను" అంది. కిచెన్‌కు జాలేసేది. ఇంత ఇంగ్లీషు చేతికొచ్చాక కూడా గొడుగులేమిటి, జిప్పులేమిటి? పాపం ఊహలేని మనిషి అనుకునేది.

అయినా వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది. ఉన్న కాసిని మాటల్లో ఎంత స్నేహం పడుతుందో అంతా. చికెన్‌కు వాన ఇష్టమనీ, టీలో చక్కెర వేసుకోదనీ, పిల్లులంటే భయమనీ కిచెన్‌కు తెలుసు. కిచెన్‌ది హోటల్లో ఇస్త్రీ పనని చికెన్‌కు తెలుసు. ఆమె అసలు పేరు మాత్రం కిచెన్‌కు తెలియదు. ఏ వీధో తెలియదు. పెళ్ళయిందో లేదో తెలియదు. ఫోన్లో ఆమె నంబరు కూడా చికెన్ అనే ఉండేది. మొగుడు ఒకసారి అది చూసి మాంసం కొట్టు నంబరనుకున్నాడు. క్లాసు అయ్యాక మెట్లు దిగుతూ కూడా వాళ్ళు ఇంగ్లీషు వదిలేవాళ్ళు కాదు. వదిలితే ఏదో పాడైపోతుందని ఇద్దరికీ పట్టింపు. "హౌ ఆర్ యూ?" అంటే "ఐ యామ్ ఫైన్" అనుకుని, బస్టాపులో ఒకరు అటూ ఒకరు ఇటూ వెళ్ళిపోయేవాళ్ళు.

ఒకరోజు మేస్టారు నొప్పి పాఠం చెప్పాడు. ఏక్, పెయిన్, హర్ట్. మూడూ నొప్పే గానీ ఒకదాని చోట ఇంకొకటి నప్పదు. తల ఏక్ అవుతుంది, దెబ్బ హర్ట్ చేస్తుంది, పెయిన్ ఉంటుంది. అందరూ తికమకపడ్డారు. సూప్ తన గుర్రానికి తలనొప్పి తెప్పించింది. అడ్వైజ్ ఏకంగా గోడకే నొప్పి అన్నాడు. చివరికి చికెన్ లేచింది. బెంచీ అంచు పట్టుకుని, ఎప్పటిలాగే మాట వెనక మాట పేర్చుకుంటూ చెప్పింది.

"నా కడుపు రోజూ నొప్పి పెడుతుంది. ఆ నొప్పి నన్ను నిద్రలేపుతుంది. నేను ఎవరికీ చెప్పను."

మూడు వాక్యాలు. వేలు పెట్టి చూపడానికి ఒక్క తప్పు లేదు. మేస్టారు సుద్దముక్క పైకెత్తి "ఎక్సలెంట్!" అన్నాడు, సూపర్‌ఫాస్ట్ బండి సరైన సమయానికి వచ్చినట్టు. గది దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా, అందరూ ఆపేశాక కూడా, చప్పట్లు కొట్టింది కిచెన్. తన బెంచీ పరువు నిలబెట్టింది మరి! చికెన్ కూర్చుంటూ ఆమె వంక చూసింది. ఆ చూపులో ఏదో ఉందని కిచెన్‌కు తోచింది గానీ, సిగ్గేమోననుకుంది.

తర్వాత హోటల్లో ఇంటర్వ్యూకు పిలిచారు. కిచెన్ ఆ సంగతి మెట్లు దిగుతూ చికెన్‌కు చెప్పింది. చికెన్ ఆమె చెయ్యి పట్టుకుని, "ఐ విల్ కమ్. గేట్" అంది. ఆ రోజు కొత్త నీలం బట్టలు కట్టుకుని హోటలు గేటు దగ్గర నిలబడి, కిచెన్ వీధి చివరిదాకా మెడ సాచి చూసింది. వచ్చిన ప్రతి బస్సూ చూసింది. చికెన్ రాలేదు. లోపలికి పిలిస్తే వెళ్ళింది. అడిగినవాటికి జవాబులు చెప్పింది. ఉద్యోగం వచ్చింది. బయటికొచ్చి ఫోన్ చేస్తే స్విచాఫ్.

మర్నాడు క్లాసుకూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కిచెన్‌కు ఒళ్ళు మండింది. నేను పైకెళ్తుంటే ఓర్వలేకపోయింది అనుకుంది. ఊహలేని మనిషనుకున్నా గానీ, ఇంత కుళ్ళుమోతు అనుకోలేదు అని లాండ్రీలో తోటివాళ్ళతో చెప్పుకుని తిట్టింది. ఫోన్ చెయ్యడం మానేసింది. పక్కన ఖాళీగా ఉన్న చోట తన సంచీ పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. చెప్పొద్దూ, మనం ప్రేమించిన మనిషి రాకపోతే ముందు కోపమే వస్తుంది, భయం తర్వాతెప్పుడో తీరుబడిగా వస్తుంది. కిచెన్‌కు ఆ కోపంలోనే వారాలు గడిచిపోయాయి.

ఒకరోజు మేస్టారు పాత పాఠాలు తిరగేయించాడు. నొప్పి దగ్గరికి రాగానే కిచెన్‌ను లేపాడు. చికెన్ ఆ రోజు చాలా చక్కగా చెప్పింది, మీ బెంచీ పరువు ఇక మీరే కాపాడాలి, ఆమె చెప్పిందే చెప్పండి చాలన్నాడు, ఇంగ్లీషులో. కిచెన్ మూతి ముడుచుకునే లేచింది.

"నా కడుపు రోజూ నొప్పి పెడుతుంది" అంది. "ఆ నొప్పి నన్ను నిద్రలేపుతుంది" అంది.

మూడోది నోట్లోంచి రాలేదు.

తన నోటితో అంటుంటే గానీ ఆ మాటల బరువు ఆమెకు తెలియలేదు. నాలుక మీద అవి తన నదిలాగా, తన విమానంలాగా తేలిగ్గా లేవు. అబద్ధం ఆడదలచుకున్న మనిషి గొడుగులు బాగుచేసే తమ్ముణ్ణి కల్పించుకుంటుందా? విమానం తోలే తమ్ముణ్ణి కల్పించుకుంటుంది. ఆకుపచ్చ తలుపు, బడి గంట, జిప్పులు. ఒక్కటీ కల్పించినట్టు లేదు. అంటే ఇది కూడా...

మేస్టారు "యెస్, యెస్, థర్డ్ సెంటెన్స్?" అంటూనే ఉన్నాడు. ఆమె సంచీ తీసుకుని, ఎవరికీ చెప్పకుండా, మెట్లమీద చెప్పుల్లో కాళ్ళు దూర్చి పరుగెత్తింది.

పేరు తెలియని మనిషిని ఎలా వెతకాలి? చికెన్ ఎక్కే బస్సే ఎక్కింది. దిగిన చోటల్లా "ఇక్కడ గొడుగులు బాగుచేసే కొట్టు ఎక్కడండీ?" అని అడిగింది. ఎండ మండిపోతోంది, ఈవిడకు గొడుగెందుకని జనం వింతగా చూశారు. ఒకాయన చెప్పుల కొట్టు చూపించాడు. ఒకావిడ, అలాంటివాళ్ళు ఇప్పుడెక్కడున్నారమ్మా, కొత్తది కొనుక్కో అని సలహా ఇచ్చింది. మళ్ళీ బస్సెక్కింది. చివరికి ఒక మలుపు దగ్గర దిగగానే బడి గంట మోగింది. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. గంట మోగిన వైపు సందులోకి తిరిగితే, ఊచలు విరిగిన గొడుగులు గబ్బిలాల్లా వేలాడుతున్న చిన్న కొట్టు కనపడింది. పక్కన సగం జిప్పు కుట్టి వదిలేసిన సంచీ. దాని పక్కన ఆకుపచ్చ తలుపు.

ఆ తలుపు చూసి కిచెన్ ఏడ్చేసింది. ఒక్కో వాక్యం చెప్పి, గుర్తుపట్టడానికి ఆనవాలు ఇచ్చినట్టే ఇచ్చింది పిచ్చిది. తనే చెవిన వేసుకోలేదు.

కొట్లోంచి గడ్డం పెరిగిన తమ్ముడు లేచొచ్చాడు. "ఎవరు కావాలండీ?"

కిచెన్ కళ్ళు తుడుచుకుంది. "మీ అక్కగారు... నేను... ఇంగ్లీషు క్లాసులో..." అంది.

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. "కిచెన్ మీరేనా?"

తలూపింది.

"ఎన్నాళ్ళ నుంచో కిచెన్, కిచెన్ అంటోందండీ. ఆకలేమో అనుకుని నేను జావ కాచి పట్టుకెళ్ళడం, అక్క తల తిప్పేసుకోవడం. మనిషి పేరని నిన్ననే చెప్పింది. ఎక్కడుంటారక్కా అంటే తెలీదంటుంది. పేరేంటక్కా అంటే కిచెనే అంటుంది. నేనెక్కడని వెతకనూ?" అంటూ అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. కడుపులో పుండు ముదిరిపోయిందనీ, బస్సులో పడిపోతే ఎవరో ఆసుపత్రిలో చేర్చారనీ, ఆ గొడవలో ఫోను పోయిందనీ, ముందే వచ్చుంటే ఏమన్నా చేసేవాళ్ళమని డాక్టర్లు చేతులెత్తేశారనీ, ఇంటికి తెచ్చేసుకున్నామనీ చెప్పాడు. "ఒక్క మాట చెప్పలేదండీ. ఒకే ఇంట్లో ఉన్నాం, ఒక్క మాట చెప్పలేదు."

లోపలి గదిలో కిటికీ కింద మంచం. మంచంలో దుప్పటి ఉంది, దుప్పటి కింద మనిషి ఉందో లేదో తెలియడం లేదు. కిచెన్ గుమ్మంలోనే ఆగిపోయింది. ఏమని పిలవాలి? ఇంగ్లీషులో ఇన్నాళ్ళూ యూ అనుకున్నారు, గొడవ లేదు. ఇప్పుడు మొదటి తెలుగు మాట దగ్గరే చిక్కొచ్చిపడింది. నువ్వు అనాలా, మీరు అనాలా?

"మీరు... ఎలా ఉన్నారు?" అంది చివరికి.

"ఓసి నీ మొహం మండా! మీరట, మీరు!" అంది మంచంలోంచి గొంతు. "పోయేముందు ఈ మర్యాదలు నాకెందుకే? నువ్వు అను. రా, ఇలా కూర్చో. ఆ దుప్పటి ముడతలు చూసి కంగారుపడకు, మా తమ్ముడికి ఇస్త్రీ రాదు."

కిచెన్ నిర్ఘాంతపోయింది. ఈ మనిషెవరు? ఒక్కో మాటా పేర్చుకునే చికెన్ కాదు. ఈమె వసపిట్ట. ఆయాసపడుతూనే గలగలా మాట్లాడేస్తోంది, డాక్టరు నడకను వెక్కిరించింది, తమ్ముడి జావను తిట్టింది, పక్కింటి పిల్లి పీడ ఎలాగూ వదిలిపోతుందిలే అంది. పక్కపక్కన కూర్చున్నన్నాళ్ళూ ఈమె తనకు తెలియనే తెలియదు. ఇప్పుడిప్పుడే పరిచయమవుతోంది. తెలిసేసరికి ఇంతే మిగిలింది.

"ఇంటర్వ్యూకి రాలేదని నేను నిన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నానే" అంది.

"వచ్చానుగా. గేటు ముందే ఆగింది బస్సు. నీలం బట్టల్లో ఎంత బావున్నావో! కొంగలా మెడ సాచి చూస్తున్నావు. దిగుదామని లేవబోయాను, కాళ్ళు లేవలేదు. అద్దం మీద కొట్టాను. నీకు వినపడలేదు."

కిచెన్ ఆమె చెయ్యి తీసుకుంది. అందులో బరువే లేదు. "మీ తమ్ముడికి ఎందుకు చెప్పలేదే? నాకైనా చెప్పకూడదా?"

"నీకు చెప్పానుగా" అంది చికెన్. "ఇంట్లో చెబితే వాడు కొట్టు మూసి నా నెత్తిన కూర్చుని ఏడుస్తాడు. మింగలేక కక్కలేక చచ్చిపోతున్నా. అక్కడైతే ఎంచక్కా లేచి, అందరిముందూ గట్టిగా చెప్పేశాను. ఒక్కడూ ఏడవలేదు. పైగా చప్పట్లు! నువ్వే కదటే ఎక్కువసేపు కొట్టావు." అని నవ్వింది. నిష్ఠూరం కాదది, నిజంగానే నవ్వు. "ఆ రోజు నాకెంత తేలికైందో తెలుసా? ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను."

కిచెన్‌కు ఆ నవ్వు కంటే చెంపదెబ్బ నయమనిపించింది. రెండు అరచేతులూ ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"ఏడవకే. సరేగానీ, నీకు నిజంగా నదుందా?"

"నదా, నా బొందా! కుళాయే సరిగ్గా రాదు."

"మరి విమానం?"

"నీళ్ళ ట్యాంకరు."

చికెన్ నవ్వింది, నవ్వుతూ దగ్గింది, దగ్గుతూ కళ్ళు మూసుకుంది. తెరిచాక మెల్లగా అడిగింది. "నావన్నీ నిజాలే. నీది ఒక్క నిజమన్నా చెప్పవే. ఇంగ్లీషులో."

కిచెన్ తనకు వచ్చిన మాటలన్నీ వెతుక్కుంది.

"ఐ కేమ్ లేట్" అంది.

చికెన్ దుప్పటి మీద రెండు చేతులూ దగ్గరికి తెచ్చుకుంది. ఒకదానికొకటి తగిలాయి గానీ చప్పుడు రాలేదు. ఆమె చప్పట్లు కొడుతోంది.

చికెన్ ఆ వారం దాటలేదు.

కిచెన్ మళ్ళీ క్లాసు మెట్లెక్కడానికి కొంతకాలం పట్టింది. పై అంతస్తులో వెలుతురున్న గదుల్లో తిరుగుతూ, "హౌ ఆర్ యూ?" అని పలకరిస్తే అతిథులు "ఫైన్" అనేవాళ్ళు. ఆ మాట వినగానే ఆమె ఒక్క క్షణం ఆగి వాళ్ళ మొహంలోకి చూసేది. ఎందుకలా చూస్తుందో వాళ్ళకు అర్థమయ్యేది కాదు.

ఆమె క్లాసుకు తిరిగొచ్చిన రోజు పాఠం లేట్, లేట్లీ. సంచీ కిందే పెట్టింది, పక్క చోటు ఖాళీగా వదిలింది. మేస్టారు పిలిచాడు. లేచి, బెంచీ అంచు పట్టుకుంది.

"ఈ మధ్య నేను రోజూ ఏడుస్తున్నాను. నా స్నేహితురాలు తన నొప్పి గురించి నాకు చెప్పింది. నేను ఆలస్యంగా వెళ్ళాను. ఆమె చనిపోయింది."

ఎక్కడా తప్పు లేదు. "ఎక్సలెంట్!" అన్నాడు మేస్టారు. క్వయెట్ మొదలుపెట్టాడు, క్వైట్ అందుకున్నాడు, గది దద్దరిల్లింది. కిచెన్ కూర్చోలేదు. చప్పట్ల మధ్య నిలబడి ఒక్కొక్కరి మొహమూ చూసింది. అందరూ మంచివాళ్ళే. ఆ రోజు తనలాగే సంతోషంగా కొడుతున్నారు. చికెన్‌కైతే ఇది చాలింది. తనకు చాలడం లేదు.

"చప్పట్లొద్దు" అంది తెలుగులో. "నేను నిజం చెప్పాను. చికెన్ పోయింది. ఆవిడ చెప్పినవి కూడా అన్నీ నిజాలే."

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. చివర్లో క్వయెట్ చేతులు గాలిలోనే ఉండిపోయాయి. సూప్ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. మేస్టారు బోర్డు వైపు చూశాడు, చేతిలో సుద్దముక్క వైపు చూశాడు, దాన్ని బల్లమీద పెట్టేశాడు. ఆ గదిలో ఆయన మన భాష మాట్లాడగా అంతవరకూ ఎవరూ వినలేదు. గొంతు పీలగా, మామూలు ముసలాయన గొంతులా ఉంది.

"కూర్చోమ్మా" అన్నాడు. "ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పు. ఇప్పుడు వింటాం."